ఇంటి నడుమ సందు

అక్షరాలు నేర్చుకునేటప్పుడు నాకు అన్నిటికన్నా ఆలస్యంగా పట్టుబడింది ఒత్తులు కాదు, మాటకూ మాటకూ మధ్య వదలాల్సిన ఖాళీ.

చిత్తూరు దగ్గర పల్లెలో పుట్టాను. మాది సేద్యం చేసుకునే ఇల్లు. ఆడపిల్లను బడికి పంపాలన్న ఆలోచన మా నాయనకు రాలేదు. వచ్చుంటే పంపేవాడే. ఆయన దేనికీ అడ్డం చెప్పే మనిషి కాదు, ఆలోచన రాకపోవడమే అడ్డమైంది. పెళ్ళై తిరుపతికి వచ్చి, ముప్పై దాటాక, తొంభైల మొదట్లో మా వీధిలో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి పెడితే అక్కడ పలక పట్టాను. డిగ్రీ చదువుతున్న పక్కవీధి అమ్మాయి మాకు పాఠం చెప్పేది. నా పలక చూస్తే ఆమెకు నవ్వొచ్చేది. ఈ చివర నుంచి ఆ చివరదాకా అంతా ఒకే మాటలాగా ఉండేదట. మాట్లాడేటప్పుడు ఎవరూ మాటమాటకూ ఆగరు గదా, రాసేటప్పుడు ఎందుకు ఆగాలని నేను అడిగేదాన్ని. ఆమె నా ఎడమచేతి చూపుడువేలు పట్టుకుని మాట చివర ఆనించి, వేలు దాటినాక తర్వాతి మాట మొదలుపెట్టమనేది. వేలెడు సందు. అలా వేలు ఆనించుకుంటూనే పదో తరగతి పరీక్ష దాకా పోయాను. పరీక్ష హాల్లో నా పక్కన కూర్చున్న పిల్లలు నా వేలిని వింతగా చూశారు.

చాలాకాలం నాది చూసిరాతే. నా పేరు కూడా ఆ అమ్మాయి రాసిచ్చిన దాన్ని చూసి గీశాను. సంతకం పెట్టడం వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు గానీ, అది ఆమె రాత, నా చేత్తో పోసిన అచ్చు. నేను సొంతంగా రాసిన మొదటి మాట నాకు బాగా గుర్తుంది. మా ఆయన తిరుమల కొండమీద ఒక అంగట్లో పనిచేసేవాడు. పొద్దున్నే మొదటి బస్సుకు పోతే సాయంత్రం దిగేవాడు. ఒకరోజు నాకు ఒంట్లో బాగాలేక లేవలేకపోతానేమోనని, పడుకోబోయే ముందు పలకమీద 'బియ్యం అయిపోయినాయి' అని రాసి తలుపు దగ్గర నిలబెట్టాను. సాయంత్రం ఆయన బియ్యం మూటతో వచ్చాడు. నేను నోరు విప్పలేదు. నేను రాసిన మాట నా బదులు లేచి పోయి పని చేసుకొచ్చింది. ఆ సంబరం ఎవరికి చెప్పినా అర్థం కాలేదు. ఆనాటి నుంచి ఆ పలక తలుపు పక్కనే ఉండిపోయింది.

రెండువేలు దాటాక ఊళ్ళో ఎక్కడ చూసినా కంప్యూటర్ బోర్డులే. పది పాసైన ఆడవాళ్ళకు ఒక శిక్షణ కేంద్రం పెట్టారని తెలిసి పోయాను. బట్టలంగడి మిద్దెమీద రెండు గదులు. ఒకదాంట్లో టైపింగ్ నేర్పేవాళ్ళు, రెండోదాంట్లో ప్రోగ్రాములు రాయడం. ప్రోగ్రామంటే ఏమిటని గుమ్మం దగ్గర ఒకామెను అడిగితే, మనం రాస్తే యంత్రం ఆ పని చేస్తుందని చెప్పింది. నాకు బియ్యం మూట గుర్తొచ్చింది. రెండో గదిలో చేరాను.

ఆ గదిలో అందరికన్నా పెద్దదాన్ని నేనే. ఇద్దరికి ఒక కంప్యూటర్. నా పక్కన కూర్చున్నది నగరి అమ్మాయి. వాళ్ళది నేతపని ఇల్లు, ఇంటినిండా మరమగ్గాలు. తిరుపతిలో మేనత్త ఇంట్లో ఉండి నేర్చుకునేది. ఇరవై ఏళ్ళుంటాయేమో, నోరు చురుకు, వేళ్ళు అంతకన్నా చురుకు. పాఠం చెప్పే సారు ఏర్పేడు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. మద్రాసులో ఏదో కంపెనీలో కొంతకాలం పనిచేసి వచ్చాడు. వయసులో నా తమ్ముడికన్నా చిన్న. చెప్పేటప్పుడు ఓపికగానే చెప్పేవాడు. చెప్పిన తర్వాత కూడా రాకపోతే మాత్రం గడియారం చూసేవాడు.

నాకు ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, ఇంగ్లీషు తెలియదు. కనబడిన అక్షరాలను కూడబలుక్కుని శబ్దం చేసుకునేదాన్ని. మొదటి పాఠానికి సారు అచ్చువేసిన కాగితం ఇచ్చి అందులో ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్లో కొట్టమన్నాడు. అంకెలు వరసగా చూపించే చిన్న ప్రోగ్రాం. అందులో ఒక వరుసలో int అని, దాని పక్కనే i అని ఉంది. అచ్చు అక్షరాలు చిన్నవి, ఆ రెండింటి మధ్య సందు ఇంకా చిన్నది. కూడబలుక్కుంటే ఇంటి అని వచ్చింది. ఊరుగాని ఊళ్ళో మనవాళ్ళు కనబడినట్టయింది. ఈ ఇంగ్లీషు మధ్యలో మన మాట ఒకటుందే అనుకుని, ఇంటి ఏమిటో తర్వాతి వరుసలో చెబుతాడు కాబోలనుకుని, కలిపి inti అని కొట్టాను.

యంత్రం ఒప్పుకోలేదు. అప్పుడే కంపైల్ అనే మాట నాకు తెలిసింది. మనం రాసిందంతా యంత్రం మొదటి నుంచి చివరదాకా ఒకసారి చదువుకుని, సరే అర్థమైంది, పని చేస్తాను అని ఒప్పుకోవడమే కంపైల్ కావడం. ఒక్క చుక్క తేడా ఉన్నా ఒప్పుకోదు. ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ఎర్రగా గీత గీసి కూర్చుంటుంది. నా inti కింద ఎర్రగీత పడింది. ఈ పేరు ఎవరిదో నాకు తెలియదని అంటోందని సారు చెప్పాడు. int అంటే అంకె అనీ, i అంటే ఆ అంకెను దాచుకునే డబ్బాకు పెట్టిన పేరనీ, రెండూ వేరువేరు మాటలనీ విడమరిచాడు.

"నడాన సందు వదలాలమ్మా. ఇది ఇల్లు కాదు."

గదిలో అందరూ నవ్వారు. నగరి అమ్మాయి నవ్వి, మళ్ళీ నా మొహం చూసి, "మన గుడి పైనుంటాది, వాళ్ళ గుడి కిందుంటాది, అంతే గదక్కా" అంది. ట నెత్తిమీద గుడి పెడితే మనకు టి అవుతుంది. వాళ్ళకు ఆ గుడి దిగివచ్చి పక్కన నిలబడుతుంది. ఒక్కోసారి పక్కన కూడా కాదు, సందు వదిలి దూరంగా. అలా చెప్తే నాకు అర్థమైంది.

అర్థమైనంత మాత్రాన చేయి వినలేదు. మర్నాడూ inti, ఆ మర్నాడూ inti. ఇంట్లో ఈ సంగతి చెబితే మా ఆయన అన్నం కలుపుతూ, "ఇంటి నడుమ సందు పెట్టమనినాడా మీ సారు? ఆ సందులో నన్ను పండుకోమంటావా ఏమి?" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. కానీ గదిలో ఆ ఎర్రగీత పడినప్పుడల్లా నవ్వు రాలేదు. చివరికి పాత పద్ధతికే వచ్చాను. int కొట్టి, కంప్యూటర్ తెర అద్దంమీద దాని చివర ఎడమ వేలు ఆనించి, ఖాళీ మీట నొక్కి, వేలికి ఆవల i పడిందో లేదో చూసుకునేదాన్ని. అద్దంమీద వేలిముద్రలు పడుతున్నాయని సారు విసుక్కున్నాడు. అయినా మానలేదు. అలా చేయగా చేయగా ఒకనాటికి చేతికి అలవాటైంది. ఆ మూడక్షరాల తర్వాత నా బొటనవేలు దానంతటదే ఖాళీ మీట మీదికి పోయేది.

ఈలోగా సారుకు ఓపిక అయిపోయింది. ఒకరోజు పాఠం ముగిశాక నన్ను ఆగమన్నాడు. అందరూ చెప్పులేసుకుని దిగిపోయేదాకా ఏవో వైర్లు సర్దుతూ నిలబడి, తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"నీ మంచికే చెప్తా ఉండానమ్మా. టైపింగ్ బ్యాచిలోకి పో. నీ వేళ్ళు బాగానే ఆడతాయి. సూసి కొట్టేదే, ఆలోచించే పని ఉండదు."

ఆయన మర్యాదగానే అన్నాడు. చూసి కొట్టేదే అన్న మాట మాత్రం నాకు లోపల గుచ్చుకుంది. ముప్పై ఏళ్ళు వేలిముద్ర వేసి, ఆ తర్వాత కొన్నేళ్ళు చూసి రాసి, ఇప్పుడు మళ్ళీ చూసి కొట్టడానికా? టైపింగ్ తక్కువ పని అని నేననను. ఆ గదిలోని ఆడవాళ్ళలో చాలామందికి దాంతోనే తిండి దొరికింది. కానీ నాకు కావలసింది అది కాదు. నేను రాసింది లేచి పోయి ఒక పని చేసుకురావాలి. ఆ మాట సారుకు చెప్పడం నాకు చేతకాలేదు. ఇంకొక్క అవకాశం ఇమ్మని మాత్రం అడిగాను. ఆయన రేపు ఒక కొత్త పాఠం మొదలుపెడుతున్నానని, దాంట్లో ఇచ్చే పనిని శుక్రవారం లోపల ఎవరి సాయమూ లేకుండా కంపైల్ చేసి చూపిస్తే ఈ గదిలోనే ఉండమని, లేకపోతే సోమవారం నుంచి పక్కగదికి పొమ్మని చెప్పాడు. సరేనన్నాను.

కొత్త పాఠం విని గదంతా సంతోషించింది. ఇక కోడు, అంటే యంత్రం చదువుకునే ఆ వరుసలు, మనం రాయనక్కరలేదట, అదే రాసుకుంటుందట. సారు మద్రాసు కంపెనీ నుంచి తెచ్చుకున్న చిన్న సాఫ్ట్‌వేరు అది. ప్రోగ్రాములు రాసే తెరలోనే ఒక పక్క ఖాళీ జాగా ఉంటుంది. అందులో మనకు కావలసిన డబ్బాలు గీసుకోవాలి. ఒక్కో డబ్బాకూ రెండు రకాల పేర్లు ఇవ్వాలి. ఒకటి మనుషులకు కనబడే పేరు, దాన్ని ఎలాగైనా రాసుకోవచ్చు. రెండోది కోడులో యంత్రం వాడుకునే పేరు. అది ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి, మధ్యలో ఖాళీలు ఉండకూడదు. తండ్రిపేరు అంటే tandriperu అని కలిపి కొట్టేయాలి. అన్నీ ఇచ్చాక మీట నొక్కితే ఆ బొమ్మను చూసి కోడు దానంతటదే తయారై, ఆ వెంటనే కంపైల్‌కు పోతుంది.

సారు మీట నొక్కి చూపించాడు. తెరమీద వరుసల మీద వరుసలు దిగాయి. మా మగ్గంమీద గుడ్డ దిగినట్టు దిగుతా ఉండాదే అంది నగరి అమ్మాయి. ఇదంతా ఎవరు రాశారని నేను అడిగాను. ఎవరూ రాయలేదమ్మా, అదే రాసుకుంది అన్నాడు సారు. నాకు తెలిసి రాత అంటే వెనకాల ఎవరో ఒకరి చేయి ఉంటుంది. కరణం రాత, డాక్టరు రాత, బస్సుమీద ఊరిపేరు రాసిన పెయింటరు రాత. ఏ రాతనైనా చూస్తే, చదవలేని రోజుల్లో కూడా, రాసినవాడు ఒకడున్నాడని తెలిసేది. ఇక్కడ ఇంత రాత ఉంది, రాసిన మనిషి లేడు. మొదటి వరుసలోనే ఏదో హెచ్చరిక ఉంది. ఇది యంత్రం తయారుచేసింది, చేత్తో మార్చవద్దు అని దాని అర్థమట. అర్థం విన్నాను గానీ దాని బరువు అప్పుడు తెలియలేదు.

మాకిచ్చిన పని, మా కేంద్రంలో చేరేవాళ్ళ వివరాలు తీసుకునే ఫారం. పేరు, ఇంటిపేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, చదువు. నేను డబ్బాలు ఒకదానికింద ఒకటి గీశాను. పైపేర్లు ఇచ్చాను. కోడుపేర్లు అన్నీ సారు చెప్పినట్టే కలిపి కొట్టాను. పక్కనున్నవాళ్ళవి ఒక్కొక్కటే కంపైల్ అవుతున్నాయి. నేను మీట నొక్కాను. వరుసలు దిగాయి, వాటితోపాటు ఎర్రగీతలూ దిగాయి. ఒకటి కాదు, ఆకులకు తెగులు పట్టినట్టు పైనుంచి కిందిదాకా.

మొదటి గీత దగ్గర యంత్రం ఏమంటోందని నగరి అమ్మాయిని అడిగాను. సాయం చేయకూడదని సారు చెప్పాడు గానీ ఇంగ్లీషుకు అర్థం చెప్పడం సాయం కాదని మేమిద్దరం అనుకున్నాం. ఇక్కడ ఒక చుక్కా కామా కావాలంటోంది అక్కా అంది. పెట్టాను. మీట నొక్కాను. మళ్ళీ అవే గీతలు. అది అడిగింది ఇచ్చినా మళ్ళీ అదే అడుగుతోంది. ఇంటికొచ్చిన చుట్టం అన్నం తిని, మళ్ళీ ఆకు ముందర పెట్టుకుని కూర్చున్నట్టుంది.

మర్నాడు పద్ధతి మార్చాను. అర్థం తెలియకపోతే పోనీ, అక్షరాలైనా చూద్దామని ఎర్రగీత పడిన ఒక్కో వరుసనూ కూడబలుక్కున్నాను. అన్నింటిలోనూ ఒకే మాట ఉంది. int అని, సందు, తర్వాత iperu. ఇంటిపేరు డబ్బా అది. చూడగానే నాకు తెలిసిపోయింది. ఇది పేరు, దీన్ని కలిపి రాయాలి. ఇన్నాళ్ళూ ఎక్కడ సందు వదలమన్నారో అక్కడ నేను వదల్లేదు, ఇప్పుడు సందు ఉండకూడని చోట యంత్రమే సందు పెట్టింది. దీనికి కూడా తప్పులొస్తాయా అని నాకు లోలోపల కొంచెం సంతోషం కూడా కలిగింది. వరుస వరుసకూ పోయి ఆ సందులన్నీ చెరిపి కలిపాను. ఆ డబ్బాను పుట్టించే చోట ఒకటి, తెరమీద నిలబెట్టే చోట ఒకటి, అందులో కొట్టింది చదువుకునే చోట మరొకటి, ఇలా చాలాచోట్ల ఉన్నాయి. అన్నీ అయ్యాక మీట నొక్కాను.

ఎర్రగీతలు. వెళ్ళి చూస్తే సందులన్నీ మళ్ళీ ఉన్నాయి.

టీ తాగడానికి బయటికి పోయొచ్చి మళ్ళీ చెరిపాను. మళ్ళీ వచ్చాయి. గురువారం మధ్యాహ్నానికి నాకు అనుమానం పట్టుకుంది. ఈ కంప్యూటర్ ఇద్దరిది. నేను లేచినప్పుడు ఆమె కూర్చుంటుంది. నేను చెరిపిన సందులు ఎవరో తిరిగి పెట్టకుండా ఎలా వస్తాయి? యంత్రం తనంతట తాను రాస్తుందని చెప్పినా, నా మనసు ఇంకా ప్రతి రాతకూ ఒక చేయిని వెతికేది. ఆ చేయి పక్కనే కనబడింది.

"ఏమే పాపా, నేను మూసిన సందులు నువ్వు తెరస్తా ఉండావా?" అన్నాను.

ఆమె ముందు నవ్వులాటనుకుంది. నా మొహం చూసి కాదని తెలుసుకుంది. కుర్చీ ఇటు తిప్పి, తెరమీద కోడు పైకీ కిందికీ జరిపి చూసి, నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"నాకేం పనిలేదనుకున్నావా అక్కా? నువ్వు గుడ్డమీద కుడతా ఉండావు. పడుగులో పోగు తెగితే గుడ్డలో సందు పడతానే ఉంటాది, గజం తర్వాత గజం. నువ్వు గుడ్డమీద ఎన్ని కుట్లేసినా మగ్గం తిరిగినాక మళ్ళీ అదే సందు. మగ్గం నిలిపి, పోగు యాడ తెగిందో ఆడ ముడెయ్యాల. మా నాయన దగ్గరైతే ఈ తెలివికి మొట్టికాయ పడిండును."

కోపంగానే అని, తన పని తాను చూసుకుంది. ఆ పూట నాతో మాట్లాడలేదు. నేను గుడ్డ అనే మాట దగ్గరే ఆగిపోయాను. మొదటిరోజు వరుసలు దిగుతుంటే మగ్గంమీద గుడ్డ దిగినట్టుందని అన్నది కూడా తనే. మీట నొక్కితే ముందు బొమ్మ నుంచి కోడు మొత్తం కొత్తగా తయారవుతుంది, ఆ తర్వాతే కంపైల్. అంటే నేను చేత్తో దిద్దిన గుడ్డను అది ప్రతిసారీ పక్కన పారేసి కొత్తది నేస్తోంది. చేత్తో మార్చవద్దన్న హెచ్చరిక మార్చితే శిక్ష అని కాదు, మార్చినా నిలవదని.

అయితే పడుగు ఎక్కడుంది? బొమ్మలో. బొమ్మలో పేర్లు కొట్టింది ఎవరు? నేను. కానీ నేను కలిపే కొట్టానే. ముందురోజు ఒకసారి ఆ కోడుపేర్లు తీసి చూశాను కూడా. ఇంటిపేరు అని సరిగ్గానే ఉంది.

శుక్రవారం అందరికన్నా ముందు పోయాను. గది తాళం తీసేవరకు మెట్లమీద కూర్చున్నాను. కంప్యూటర్ పెట్టుకుని ఇంటిపేరు డబ్బామీద నొక్కితే పక్కన చిన్న అరలో దాని కోడుపేరు వచ్చింది. చదివాను. ఇంటిపేరు. బాగానే ఉంది. మళ్ళీ చదివాను. బాగానే ఉంది. అప్పుడు చదవడం మానేసి, సాయంత్రం బడిలోలాగా ఎడమ వేలు తీసుకుపోయి అక్షరం అక్షరం కింద ఆనించాను. i. n. t. తర్వాత వేలి కింద ఏమీ లేదు. ఆ తర్వాత i.

సందు ఉంది. నేను పెట్టిందే. int తర్వాత సందు వదలాలని ఇన్నిరోజులు నా చేతికి నేర్పుకున్నాను గదా, చేయి నేర్చుకుంది. ఇంటి అని కొట్టాల్సి వస్తే int కొట్టి, ఖాళీ మీట నొక్కి, i కొట్టింది. కంటికి కూడా అదే అలవాటైపోయింది. ఇప్పుడు నా కంటికి సందు ఉన్న ఇల్లే సరైన ఇల్లు. అందుకే ఎన్నిసార్లు చదివినా బాగానే ఉంది. యంత్రం పాపం నేనిచ్చింది ఇచ్చినట్టు ప్రతిచోటా వేసింది. int అనేది దాని సొంత మాట, అంకె అని అర్థం. అంకె అని మొదలుపెట్టి, వెనకాల ఇంకేదో ఉంటే దానికి మతి పోయింది.

వేలు అక్కడే ఉంచి సందు చెరిపాను. మీట నొక్కాను. వరుసలు దిగాయి. ఎర్రగీత లేదు. కాసేపటికి తెరమీద ఒక కిటికీ తెరుచుకుని, నేను గీసిన డబ్బాలు ఒకదానికింద ఒకటి నిలబడ్డాయి.

ఎవరూ ఇంకా రాలేదు. ఆ కోడును మొదటి నుంచి చివరదాకా నెమ్మదిగా జరుపుకుంటూ చూశాను. అంత రాతలో నేను రాసింది ఆ అయిదు పేర్లే. తక్కిన నాలుగూ నిన్నటిదాకా నా కంటికి ఆనలేదు. తప్పుగా ఉన్న ఒక్కటే అన్ని వరుసల్లోనూ ఎర్రగా కనబడి, ఇక్కడొక మనిషి చేయి పడింది అని చెబుతూ వచ్చింది. నేనేమో ఆ చేయిని పక్క కుర్చీలో వెతికాను.

నగరి అమ్మాయి రాగానే తెర చూపించాను. నిన్నటి కోపం ఇంకా ఉంది మొహంలో. దగ్గరికి వంగి చూసి, "పోగు యాడ తెగింది?" అంది. చెప్పాను. విని విని నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. "సందు వదలమంటే వదలవు, వద్దంటే వదుల్తావు. నీతో వేగలేం అక్కా" అంది. అంతటితో మా తగవు తీరిపోయింది.

సారు వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. మీట ఆయనే నొక్కి చూశాడు. కిటికీ తెరుచుకుంది. డబ్బాల్లో ఏవేవో కొట్టి చూశాడు. తర్వాత కోడు తెరిచి, చేతులు కట్టుకుని, ఆయన ధర్మంగా అడగాల్సిన మాటే అడిగాడు.

"ఇదంతా మెషీను రాసింది గదమ్మా. దీన్ని చూసి నీకు ప్రోగ్రామింగ్ వచ్చిందని నేనెట్ల అనుకునేది?"

ఆ మాట నేను అంతకుముందే నాలో అనుకున్నాను. రాయడం వచ్చని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకని జరిగింది చెప్పాను. చుక్కా కామా పెట్టడం దగ్గర మొదలుపెట్టి, కోడులో సందులు చెరిపితే మళ్ళీ రావడం, పడుగులో తెగిన పోగు, చివరికి నా బొటనవేలు అలవాటు. నగరి అమ్మాయి మీద పడ్డ సంగతి చెబుతుంటే ఆమె పక్కనుంచి గొంతు సవరించుకుంది. సారు మొదట నవ్వుతూ విన్నాడు, తర్వాత నవ్వకుండా విన్నాడు. చిన్న అరలో పేరు తెరిచి, తన చేత్తో int తర్వాత సందు పెట్టి మీట నొక్కాడు. ఎర్రగీతలు వచ్చాయి. సందు చెరిపి మళ్ళీ నొక్కాడు. పోయాయి. మద్రాసులో ఇలాంటి తప్పే తన రెండు రోజులు తినేసిందని, అక్కడ int కాదు, ఇంకేదో మాటని, ఆ సాఫ్ట్‌వేరుకు పేర్లు సరిచూసుకునే తెలివి లేదని చెప్పాడు. ఆ రెండు రోజులూ తను కూడా గుడ్డమీదే కుట్టాడట.

ఈసారి గడియారం చూడలేదు.

"సోమవారం ఈడికే రామ్మా. అంకెల పాఠం మళ్ళీ మొదట్నించి చెప్తాను. అద్దంమీద వేలు పెట్టకుండా ఉండేదానికి మాత్రం సూడు."

ఆ గదిలో చోటు నాకు దక్కింది. వేలు పెట్టకుండా ఉండడం మాత్రం నావల్ల కాలేదు.

తర్వాత నేను పెద్ద ప్రోగ్రామర్ని ఏమీ కాలేదు. కోర్సు ముగిశాక తిరుపతిలోనే ఒక చిన్న బడి ఆఫీసులో చేరి, పిల్లల చేరికలకు, మార్కులకు ఇలాంటి ఫారాలే చేసుకుంటూ చాలా ఏళ్ళు పనిచేశాను. కొత్త కంప్యూటర్లు వచ్చాయి, కొత్త సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, పేరులో సందు పెడితే అవే ముందుగా వద్దని చెప్పసాగాయి. అయినా ఎక్కడైనా ఎర్రగీత పడితే, అది పడిన చోట కాక, అంతకుముందు నా చేయి ఎక్కడ పడిందో అక్కడికి పోయి చూడడం నాకు అలవాటైపోయింది.

ఆ శుక్రవారం నేను ఇంటికి పోయేసరికి తలుపుకు తాళం వేసి ఉంది. మా ఆయన ఆరోజు తొందరగా దిగివచ్చి మళ్ళీ ఎక్కడికో పోయినట్టున్నాడు. గడప పక్కన పలక నిలబెట్టి ఉంది. దానిమీద ఆయన రాత. 'ఇం టి తాళం పక్కింట్లో ఇచ్చినాను.' 'ఇం'కూ 'టి'కీ మధ్య కావాలనే ఖాళీ వదిలాడు. పలకమీద వంగి ఆ ఖాళీలో వేలు పెట్టి చూశాను. సరిగ్గా పట్టింది.

తాళం తెచ్చి తలుపు తీసుకుని, సుద్దముక్క వెతికి, ఆయన రాసిన దాన్ని చెరపకుండా దానికింద రాశాను. 'కంపైల్ అయింది. సోమవారం నుంచి కూడా పొద్దున్నే పోవాల.' మాటకూ మాటకూ మధ్య వేలు ఆనించే రాశాను.

ఆయన వచ్చి చదివాడు. కంపైల్ అంటే ఏమిటని అడగలేదు. సోమవారం పొద్దున నేను లేచేసరికి రోజూ నేను కట్టే అన్నం క్యారియరు తానే కట్టుకుని, మొదటి బస్సుకు పోతూ కనబడ్డాడు.